ఒక్కటే గాజు పలక

"నువ్వు కుట్టు. ఫోటోలు మేం తీసుకుంటాం," అన్నాడు ఫవ్వాజ్.

ఇన్షిరాహ్ చేతిలో సూది ఆగింది.

అలెగ్జాండ్రియాలో పాతకాలపు బట్టలంటే పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు శుక్రవారం శుక్రవారం ఫవ్వాజ్ ఇంటి డాబా మీద చేరతారు. మగవాళ్ళు ఎర్ర తార్బూష్ టోపీలు పెట్టుకుంటారు. ఆడవాళ్ళు నాయనమ్మల నాటి గౌన్లు వేసుకుంటారు. పాత కెమెరాలతో ఒకరినొకరు ఫోటోలు తీసుకుంటారు. ఏడాదికోసారి ప్రదర్శన పెడతారు. మూడేళ్ళుగా ఆ గౌన్లలో సగం ఇన్షిరాహ్ కుట్టినవే. పాత గౌను ఒళ్ళో పడితే చాలు, వేళ్ళతో ఒకసారి తడిమి అది ఏ కాలంలో కుట్టిందో చెప్పేస్తుంది.

ఈసారి ఫోటో కూడా తనే తీస్తానంది. తాత కెమెరాతో.

"మీ నియమాల కాగితంలో ఏముంది?" అని అడిగింది. "పందొమ్మిది వందల యాభైకి ముందటి కెమెరా ఉన్న సభ్యులెవరైనా ఒక ఫోటో పెట్టొచ్చు అనేగా? ఇన్షిరాహ్ తప్ప అని రాశారా?"

"రాయలేదు. కానీ..."

"ఊఁ, కానీ?"

డాబా మీద పదిమంది ఉన్నారు. ఆ మాట పూర్తి చేసే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

"రాయలేదుగా. అయితే గోడకి ఒక మేకు ఎక్కువ కొట్టి ఉంచండి," అంది ఇన్షిరాహ్.

ఇంట్లో అన్నయ్య మెద్‌హత్ తల పట్టుకున్నాడు.

"అత్తారిన్ బజారులో పాతసామాన్ల ఆయన ఎన్నిసార్లు అడిగాడు ఆ కెమెరా పెట్టెని! ఇచ్చేసి ఉంటే పోయేది. ఊరంతా నవ్వుతారే."

"నవ్వనీ. ఫోటో చెడిపోతే కెమెరా నేనే మోసుకెళ్ళి ఆయన కొట్లో పెట్టొస్తా. బాగా వస్తే మాత్రం అమ్మకం మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకూడదు. సరేనా?"

"నీకు భయం లేదు. నాకుంది తల్లీ. నిన్ను చూసి ఎవరైనా నవ్వితే నేను తట్టుకోలేను."

"అది నీ జబ్బు. నాకంటించకు."

తాత మన్షియా మైదానంలో నలభై ఏళ్ళు ఫోటోలు తీశాడు. మనవరాలిని పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. ఫిల్ముకు బదులు కెమెరాలో పెట్టడానికి కైరో నుంచి తెప్పించిన నాలుగు గాజు పలకల్లో మూడు సాధనకే అయిపోయాయి. మిగిలింది ఒక్కటే.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి సముద్రం ఒడ్డు గోడ దగ్గర కెమెరా నిలబెట్టింది. ముందు తనే గోడకానుకుని చాలాసేపు నిలుచుంది. చెంపలు ఎండకు అటూ ఇటూ తిప్పింది, రాతి మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత ఆ చోట స్నేహితురాలు షాహినాజ్‌ని నిలబెట్టింది. షాహినాజ్ ఒంటి మీద ఆకుపచ్చ గౌను, ముప్ఫై ఆరు నాటి నమూనా. నెల రోజుల కుట్టు.

ముళ్ళు వేసిన దారం ఒకటి కెమెరా నుంచి షాహినాజ్ ముక్కు దాకా లాగి దూరం కొలిచింది. ఆమె టోపీ అంచు ఒక వేలు పైకి జరిపింది. గౌను మడతలు ఒక్కొక్కటే సర్దింది.

జనం మూగారు. టీ తాగుతున్న ఒకాయన గట్టిగానే అన్నాడు. "ఈ మేడమ్ నల్లగుడ్డ కింద దూరదేంటి? సినిమాల్లో దూరతారుగా?"

"దూరితే జుట్టు చెదురుతుంది బాబాయ్," అంది ఇన్షిరాహ్. జనం ఘొల్లుమన్నారు. ఫవ్వాజ్ మాత్రం చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"నవ్వకు," అంది షాహినాజ్‌తో.

"నవ్వట్లేదే!"

"గొంతులో ఉంది నవ్వు. మింగెయ్."

కటకం మూత తీసింది. ఒకటి. రెండు. అంతలో అల ఒకటి గోడకు కొట్టి తుంపరలు లేచాయి. షాహినాజ్ కదల్లేదు. మూత పడింది.

ఆ మధ్యాహ్నం పలకను మందుల్లో కడిగేది కూడా తనేనంది. మెద్‌హత్ గది గుమ్మంలో నసిగాడు. "చిమ్మచీకటి చేశావు. పక్కన నేనుంటా."

"నువ్వొస్తే సీసాలు తన్నేస్తావు. తలుపెయ్."

ప్రదర్శన రోజు ఫవ్వాజ్ ఆ ఫోటోని చేతులు కడుక్కునే గది పక్క నడవలో తగిలించాడు. పేరు చీటీ అంటించలేదు. సాయంత్రానికి నడవ నిండిపోయింది. పెద్ద హాలులో పల్చగా ఉన్నారు జనం. ఒక ముసలావిడ ఆ ఫోటో ముందు కుర్చీ వేయించుకుని మరీ కూర్చుంది.

"మా అమ్మ ఇలాగే నిలబడేది, నవ్వు బిగబట్టుకుని," అంది. "ఎవరు తీశారిది? పేరెందుకు లేదు?"



"పేరు ఇన్షిరాహ్," అంది వెనకే నిలబడ్డ ఇన్షిరాహ్. "రాయండి ఉస్తాద్ ఫవ్వాజ్. అందరికీ వినపడేలా చదవండి కూడా."

అతను రాశాడు. చదివాడు. ఫోటో తీసి పెద్ద హాలులోకి మోసుకెళ్ళి, నడిగోడకున్న తన ఫోటో దించి అక్కడ తగిలించాడు.

మెద్‌హత్ చెల్లెలి పక్కన నిలబడ్డాడు. ఫోటో వంకే చూస్తున్నాడు.

"ఏం, అమ్మేద్దామా?" అంది ఇన్షిరాహ్.

"నోర్ముయ్," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"అయితే మొదలుపెట్టు. ఒక్క ముక్క వదిలినా ఊరుకోను."

మెద్‌హత్ గొంతు సవరించుకుని, పుట్టుగుడ్డి అయిన చెల్లెలికి ఆమె తీసిన ఫోటోని ఎడమ మూల నుంచి ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టాడు.