జానెడు ముందు ఆగింది

పళ్ళ డాక్టరుగారి చిప్ షాట్ పోయింది ఒక ఆదివారం ఉదయం, చివరి గుంట దగ్గర, నలుగురూ చూస్తుండగా.

గోల్ఫులో చిప్ అంటే పెద్ద విద్యేమీ కాదు. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. ఆ గ్రీన్ అంచున నిలబడి బంతిని కాస్త గాల్లోకి లేపి, మిగిలిన దూరం దొర్లనివ్వాలి. అంతే. క్లబ్బులో ఆ దెబ్బకు డాక్టరుగారిదే పేరు. దూరపు దెబ్బలు అన్నయ్యవి, దగ్గరి దెబ్బలు తమ్ముడివి. అలా పంచుకుని అన్నదమ్ములిద్దరూ ఏటా జంటల పోటీలో ఆడేవారు.

అన్నయ్య పోయాక డాక్టరుగారు ఆటకు రావడం అదే మొదటిసారి. కర్ర పట్టుకుని బంతి వైపు చూశారు. చెయ్యి వణికింది. బంతి గ్రీన్ దాటి అవతలి ఇసుకలో పడింది. అక్కణ్ణించి కొడితే మళ్ళీ ఇవతలికి వచ్చింది. మూడోసారి తోటమాలి చెట్టు చాటుకు తప్పుకోబట్టి సరిపోయింది.

"నోట్లో సూది పొడిచేటప్పుడు వణకని చెయ్యి ఇక్కడెందుకు వణుకుతోందండీ?" అన్నారు ప్లీడరుగారు. ఆ ఏడు కప్పు మీద ఆయనకు కన్నుంది.

డాక్టరుగారు కర్రను సంచీలో దోపుకుని తిన్నగా వదినగారింటికి వెళ్ళారు.

"పోటీ నుంచి తప్పుకుంటున్నాను వదినా."

"కుదరదు. నా పేరు ఇచ్చేశాను," అన్నారావిడ.

"నీ పేరా? ఎక్కడ?"

"మీ అన్నయ్య చోట్లో. నువ్వు రానంటే నన్నూ ఆడనివ్వరు. జంటల పోటీ కదా."

డాక్టరుగారు చెయ్యి చాపి చూపించారు. ఆవిడ ఆ చేతిలో కాఫీ గ్లాసు పెట్టారు. చుక్క తొణకలేదు.

"చేతికేం, నిక్షేపంలా ఉంది. రేపు పొద్దున్నే క్లబ్బుకు రా. నేను చెప్పినట్టు చెయ్యి. ఎదురు ప్రశ్నలు వద్దు."

మర్నాటి నుంచి సాధన మొదలైంది. వదినగారు గ్రీన్ మీద ఒక తువ్వాలు పరిచి, పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"గుంట సంగతి మర్చిపో. దెబ్బ తువ్వాలు మీద పడాలి. బరువు ఎడమ కాలి మీద పెట్టు. ఆ మణికట్టేమిటి, గరిటె తిప్పుతున్నావా?"

డాక్టరుగారు ఊపారు. కర్ర పచ్చికను సన్నగా తాకింది. వదినగారి చూపు తువ్వాలు మీద నుంచి మెల్లగా గుంట వైపు జరిగింది.

"పడింది. దొర్లుతోంది... దొర్లుతోంది... జానెడు ముందు ఆగింది."

"లోపల పడింది కదా!"

"పడలేదు. నాకింకా చత్వారం రాలేదు."

"అన్యాయం వదినా. నేనూ చూశాను."

"ఎలా చూశావ్? తల ఎత్తొద్దన్నానా? ఎత్తకపోతే నీకు కనపడదు. ఎత్తితే అసలా దెబ్బే చెల్లదు."

"అన్నయ్య ఉంటే నా వైపు మాట్లాడేవాడు."

"మాట్లాడేవారు. ఆయనా నీలాంటి తొండి మనిషే."

ఇద్దరూ నవ్వారు. అలా నవ్వి చాలా రోజులైంది. తర్వాత వదినగారు తువ్వాలు ఇంకాస్త దూరం జరిపారు.

మొదటి రోజు తోటమాలి చెట్టు చాటు నుంచి తొంగి చూశాడు. వారం తిరిగేసరికి గడ్డి కోసే యంత్రం తోసుకుంటూ సరిగ్గా ఇద్దరి మధ్యకే వచ్చాడు.

"కాస్త ఆగమంటావా?" అన్నారు డాక్టరుగారు.

"ఎందుకు సార్? మీ పాటికి మీరు కొట్టుకోండి. నా పని నాది. మీరిలా కొడుతున్నంత కాలం నాకే భయమూ లేదు."

క్లబ్బు సెక్రటరీ గది మేడ మీద. అక్కడి కిటికీలోంచి బంతి కనిపించదు గానీ, ఊపు కనిపిస్తుంది. ఆయన కిందికి దిగి వచ్చి ప్లీడరుగారి చెవిన వేశారు.

"డాక్టరుగారి చెయ్యి చూశారా? వెన్నలో కత్తి దింపినట్టు ఊపుతున్నారండీ. వదినగారైతే ఒకటే మెచ్చుకోవడం."

ప్లీడరుగారి గుండెల్లో రాయి పడింది. ఆ సాయంత్రమే తోడల్లుణ్ణి వెంటబెట్టుకుని ఆయనా సాధన మొదలుపెట్టారు. మొదటి దెబ్బకే తోటమాలి మళ్ళీ చెట్టు చాటుకు చేరాడు.

పోటీ ముందు రోజు. డాక్టరుగారు ఊపిన ప్రతిసారీ వదినగారు తలూపుతున్నారు. చివరి దెబ్బకు తువ్వాలు తీసి దులిపి, మడత పెట్టేశారు.

"అది మాత్రం లోపల పడింది," అన్నారు.

"నిజంగా?"

"నేను అబద్ధమాడతానా?"

"ఇన్నాళ్ళకు ఒప్పుకున్నావు!" డాక్టరుగారు చిన్నపిల్లాడిలా కర్ర గాల్లోకి ఎత్తారు.

"ఇన్నాళ్ళలో ఒక్క బంతి పోయిందా? లేదు. ఎవరి తలైనా పగిలిందా? లేదు. చెయ్యి వణికిందా?"

"ఒక్కసారీ వణకలేదు వదినా."

"మరింకేం! రేపు ప్లీడరు సంగతి చూద్దాం పద."

డాక్టరుగారు ఈల వేసుకుంటూ సంచీ భుజానికెత్తుకున్నారు. అన్నయ్య పోయాక ఆయన ఈల వేయడం వదినగారు వినడం అదే మొదలు. ఆవిడ రెండడుగులు వెనకే ఉండి, అది పూర్తిగా విన్నారు.

ఇక, మొదటి రోజు నుంచీ ఆ సంచీలోనే ఉన్న బంతిని ఒక్కసారి బయటికి తీసి, పచ్చిక మీద పెట్టి కొట్టి చూడడం ఒక్కటే మిగిలింది.