నా బిట్టు

"తవ్వకు బిడ్డా. ఇది నా బిట్టు."

రోడ్డు కోసే మిషన్ ఆన్ చేయబోతున్న భరత్ తల తిప్పి చూశాడు. ఎవరో ముసలాయన. భుజం మీద తువ్వాల, కాళ్లకు టైరు చెప్పులు.

భరత్‌కు ఒళ్లు మండింది. పొద్దున్నే టిఫిన్ కూడా చేయకుండా హనుమకొండ నుంచి వచ్చింది ఈ పంచాయితీ కోసమా?

"ఇది సర్కారు రోడ్డు తాతా. నీదెట్లయితది?"

"నాదే. ఆ రాయి కాడికెల్లి ఈ రాయి దాక నాదే."

డ్రైవర్ రాంచందర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ప్లాటు కేసు సార్. రోడ్డు పక్క బిట్లకు రేట్లు పెరిగినయ్ గద, రోజుకొకడు ఇట్లనే అడ్డం పడతాండు."

"పాస్‌బుక్ ఉందా తాతా?" అడిగాడు భరత్.

"దీనికి పాస్‌బుక్ ఎవలిస్తరు బిడ్డా?"

"మరి కోర్టు స్టే?"

ముసలాయన అయోమయంగా చూశాడు. రాంచందర్ పకపకా నవ్వాడు.

వర్ధన్నపేట నుంచి లోపలి ఊళ్లకు పోయే ఆ రోడ్డు సంగతి ఇంజినీర్లందరికీ తెలుసు. వానాకాలం వస్తే అటు పక్కా ఇటు పక్కా నడుములు విరుగుతాయి. మధ్యలో రెండు కిలోమీటర్లు మాత్రం ఇరవై రెండేళ్లుగా గుంత అన్నదే ఎరగదు. బస్సులో కునుకు తీసేవాళ్లు ఆ రెండు కిలోమీటర్లలోనే తీస్తారు. అంత గొప్ప రోడ్డు అది.

ఎందుకట్లా ఉందో తేల్చే పని భరత్‌కు అప్పగించారు. ఉద్యోగంలో చేరాక అతను ఒక్కడే చేస్తున్న మొదటి పని.

"కారణం పట్టుకురా. జిల్లాల కొత్త రోడ్లన్నీ అట్లనే వేయిద్దాం. రిపోర్టు మీద నీ పేరే ఉంటది," అన్నారు పెద్ద ఇంజినీరు శోభారాణి మేడం.

అలాంటి పనికి ఈ ముసలాయన అడ్డం.

"తవ్వుడెందుకు బిడ్డా? ఏం గావాల్నో అడుగు, నేనే చెప్త."

"చెప్పేదేదో కోర్టుల చెప్పుకో. జరుగు. లేకుంటే పోలీసోళ్లను పిలుస్త."

ముసలాయన జరిగాడు. రోడ్డు అంచున గొంతుకూర్చున్నాడు. మిషన్ లోపలికి దిగుతుంటే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మూడు చోట్ల గుండ్రంగా కోసి ముక్కలు తీశారు. చెంబు పట్టేంత గుంతలు మూడు మిగిలాయి.

"ఎప్పుడు పూడుస్తరు?"

"రిపోర్టు వచ్చినంక."

"గప్పటిదాక ఇట్లనే ఇడుస్తరా? వానలొస్తానయ్."

"ఫికర్ జెయ్యకు తాతా. నీ ప్లాటు ఏడికీ పోదు," అంటూ భరత్ జీపెక్కాడు.

ఇరవై రెండేళ్లలో ఆ రోడ్డుకు పడ్డ మొదటి గుంతలవి. పెట్టిన పుణ్యాత్ముడు, గుంతలెందుకు పడవో తెలుసుకోవడానికి వచ్చినవాడే.

మూడు వారాలకు ల్యాబ్ రిపోర్టు వచ్చింది. అదే కంకర, అదే డాంబర్. అటూ ఇటూ ఉన్న పాడు రోడ్డులో ఏముందో ఇందులోనూ అదే ఉంది.

"గట్లెట్ల?" అన్నారు మేడం. భరత్ రిపోర్టు మళ్లీ మొదటి నుంచి చదివాడు.

ఆ వారం వాన దంచి కొట్టింది. అప్పుడు గుర్తొచ్చాయి మూడు గుంతలు. ఏ బైకు చక్రమో అందులో పడితే? భరత్ కంకర డాంబర్ కలిపిన సంచి ఒకటి జీపులో వేయించుకుని పరుగెత్తాడు.

గుంతలు లేవు. ఎక్కడ కోశాడో వెతుక్కోవాల్సి వచ్చింది. అంచులు కలిసిపోయేలా ఎవరో పూడ్చి, దిమ్మిసతో గట్టిగా కొట్టారు. సీసాలో నీళ్లు పోసి చూశాడు. చుక్క నిలవకుండా పక్కకు జారాయి. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివిన తను ఇంత బాగా పూడ్చలేనని అక్కడే ఒప్పుకున్నాడు.

ఎదురుగా కట్టమ్మ టీ హోటల్. అడిగాడు.

"ఇంకెవలు సార్, యాకయ్య తాత. రోడ్డు గ్యాంగుల పని జేసినోడు. గ్యాంగోళ్లకు తలా ఇంత రోడ్డు చూసుకొమ్మని పంచిస్తరు గద. దాన్నే బిట్టు అంటరు."

భరత్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "బిట్టంటే ప్లాటు కాదా?"

"ప్లాటా? ఆయనకు కాలు మోపే జాగ లేదు సార్, ఆ ఇల్లు తప్ప."

"ఇల్లు జర చూపిస్తవా అక్కా?"

"చూపిస్త. తాతయితే లేడు. పోయి తొమ్మిది రోజులాయె."

ఇంటి ముందు అరుగు మీద యాకయ్య భార్య మొగిలమ్మ కూర్చుని ఉంది. భరత్ చెప్పులు విడిచి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ గుంతలు పెట్టింది నేనే అవ్వా. తప్పయింది."

"ఎరుకే. పండుకునేదాక తిట్టిండు నిన్ను. తెల్లారంగనే పోయి పూడ్చచ్చిండు."

"డాంబర్ ఎక్కడిది?"

"ఏడ రోడ్డు పని నడిస్తే ఆడికి పోయి తట్టెడు అడుక్కచ్చేటోడు. నా బూరెల మూకుడుల ఎచ్చజేసేటోడు. మూడు మూకుళ్లు ఖరాబు జేసిండు. రూపాయి బిళ్లంత పగులు కనబడ్డా ఆ పూటకే పూడ్చాలె, లేకుంటే ముద్ద దిగకపోయేది."

ఆమె గొంతు కాస్త పెద్దదైంది.

"ఆయన్ను కాటికి ఆ రోడ్డు మీదికెల్లే తీస్కపోయినం బిడ్డా. బండి జరంత గూడ కుదుపలే."

ల్యాబ్‌కు దొరకని కారణం భరత్‌కు దొరికింది. ఆ పేరు తన చేత్తో రాయబోతున్నందుకు అతనికి గర్వంగా ఉంది. పెన్ను తీశాడు.

"రిపోర్టు మీద తాత పేరే రాస్త అవ్వా. గీ పని ఆయనతోని ఏ ఆఫీసోళ్లు చేయించిన్రని రాయాలె?"

మొగిలమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"ఆఫీసేంది బిడ్డా, ఆయన రిటైరై పద్నాలుగేండ్లాయె."