ప్లస్ నలభై

పొగమంచులో రేవు గోడను గుద్దుకున్న ఓడకూ, దాన్ని దారి తప్పించిన ఉపగ్రహానికీ, సాక్షాత్తూ కాలపురుషుడికీ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

ఓడలకు దారి చూపే ఆ ఉపగ్రహంలోని గడియారం నలభై నానోసెకన్లు ముందుకు పోయింది. కింద కూర్చుని దాన్ని వెనక్కి లాగడం మా పని. దిద్దుబాటు అంకె బావ టైపు చేసి పైకి చదవాలి. నేను నా స్క్రీనులో వచ్చే సరైన అంకెతో సరిచూసి తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే పంపాలి. చూడటానికి బద్ధకించి నేనెప్పుడూ బావ అన్నదే అనేసేవాణ్ణి. అందుకే అందరిముందూ నాకు "చిలక" అని పేరు పెట్టాడు. గదంతా అదే పిలుపు.

ఆ రోజు బావ ఫోనులో అక్కతో నవ్వుతూనే టైపు చేశాడు.

"ప్లస్ నలభై. అనరా చిలకా!"

"ప్లస్ నలభై" అన్నాను.

గడియారం ఇంకా ముందుకు ఉరికింది; ఓడ దారి పాతిక మీటర్ల దాకా తప్పింది.

విచారణలో బావ నన్ను వెనకేసుకొచ్చాడు. "వాడు కొత్తోడండీ, నేనన్నదే అన్నాడు. తప్పు నాది."

నన్ను చీవాట్లు పెట్టి వదిలేశారు. బావ ఉద్యోగం ఊడింది. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు.

"ఇకనైనా స్క్రీను చూడరా, నాయనా."

ప్లస్ నలభై అన్న ఆ ఒక్కరోజే, అనేముందు చూశాను. మైనస్ అని ఉంది.