కలుపు గీత

కాదు, గాలి పని కాదు. గాలే అయితే కొండవాలంతా చిమ్మినట్టు ఉండేది. ఈ కలుపు గేటు దగ్గర మొదలై ఈ సున్నపురాతి బండ దాకా తాడు పట్టి నాటినట్టు మొలిచింది. గీత గీయాలంటే మనిషి కావాలి. ఆ మనిషెవరో ఆర్లన్ స్ట్రిక్లర్‌కి తెలుసు. పట్టుకోవడమే మిగిలింది.

బండ మీద కూర్చుని కంచె అవతలికి చూశాడు. అటు మెర్ల్ హోల్కమ్ పశువుల బీడు. ఇటువైపు నేలను రక్షిత గడ్డిభూమిగా ప్రకటించిన రోజు నుంచీ హోల్కమ్‌కి కడుపుమంట. ఎప్పటికైనా కంచె కోస్తాడని ఆర్లన్ అనుమానం. మూడేళ్లుగా సాయంత్రాలన్నీ ఇక్కడే కాపలా. మాటలు కూడా లేవు. వేసవి చివర ఎండుగడ్డీ కలుపూ పోయేలా ఇరుగుపొరుగు కలిసి ఒకరి బీడు ఒకరు కాలుస్తారు. అది ఒంటరిగా అయ్యే పని కాదు. రోడ్డు అవతలి ఆర్లన్ బీడు కాల్చడానికి నీళ్ల ట్యాంకు తెస్తానని హోల్కమ్ కబురంపాడు. ఆర్లన్ వద్దన్నాడు. అతని చేతికి నిప్పు ఇస్తాడా?

ఇప్పుడీ కలుపు. వాలంతా మందు కొట్టక తప్పదని అధికారులు తేల్చేశారు. మందుకి గడ్డి చావదు, పూలు చస్తాయి. చిన్నప్పుడు అమ్మ వేలు పట్టుకుని పేర్లు నేర్పిన పూలు. ఆ పేర్లు తెలిసినవాడు ఇక తనొక్కడే.

నిలువెత్తు గడ్డి కదిలింది. ముందు టోపీ, తర్వాత గోనెసంచి కనిపించాయి.

“ఆగక్కడే!”

టోపీ పైకి లేచింది. హోల్కమ్ కూతురు జోలీన్.

“చంపేశారు స్ట్రిక్లర్ గారూ! దున్నపోతేమో అనుకున్నా.”

“సంచిలో ఏంటి?”

“మీ పెళ్లికి కానుక.”

“వెటకారం ఆపు. గింజలు చల్లి రమ్మని మీ నాన్న పంపాడా?”

“చల్లడమా?” ఆమె సంచి బోర్లించింది. గింజకట్టిన కలుపు కొమ్మలు కుప్పగా పడ్డాయి. “రాలకముందే కోసుకుపోతున్నా. మీవాళ్లు మందు కొడితే మా తేనెటీగలు గాలి తిని బతకాలా?”

ఆర్లన్ కొమ్మల్ని కాలితో కదిపాడు. అడుగున ఏదో దాచి ఉంటుందనుకున్నాడు. ఏమీ లేదు. ఆమె అరచేతులు మాత్రం బొబ్బలెక్కి ఉన్నాయి.

“మీ నాన్నకి తెలుసా?”

“అమ్మో! మీ మేలుకోసమని తెలిస్తే ఇంట్లోకి రానిస్తాడా?”

“అయితే చల్లిందెవరు?”

“చల్లేదేముంది? మీ బీడు నిండా ఇదేగా. ఆ రోజు కాల్చనిచ్చుంటే గింజదాకా వచ్చేది కాదు.”

“రోడ్డు అవతలి బీడు! రెక్కలు కట్టుకొచ్చిందా?”

“దీని గింజ ఎగరదండీ. దేనికో అంటుకుని రావాలి. పశువుల్ని ఇటు తోలారా?”

“ఒక్కదాన్ని కూడా తోల్లేదు. నాకు రూల్స్ తెలీవా?”

“అదే నాకూ అర్థం కావట్లేదు.” జోలీన్ నడుం పట్టుకుని నిలబడి గీత వెంట చూసింది. “గేటు నుంచి ఇక్కడిదాకా ఉంది. ఆపైన ఒక్క మొక్క లేదు. ఎవరో మీ బీడుకి అడ్డంపడి రోజూ ఇక్కడికొస్తున్నారు. కాపలా మీరేగా, ఎప్పుడూ ఎవరూ కనబడలేదా?”

ఆమె నిజంగానే అడుగుతోంది. ఆర్లన్ ఆ కళ్లలో ఎత్తిపొడుపు కోసం వెతికాడు. దొరికితే బాగుండుననిపించింది.

ఆర్లన్ బూట్లు విప్పాడు. లేసుల నిండా అవే గింజలు.