పరదేశికి వేరే పని

జీపు వీధి మొదట్లో ఆగగానే పరదేశి మంచం కింద దూరాడు.

"అక్కడ దూరితే ఏటి లాభం? సెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి," అంది అతని పెళ్లాం నూకరత్నం. "సెరుకు కాటా కాడ గుమస్తా పనుందిరా బాబూ అని మా అన్న సెప్తే, 'నేను విలేకర్ని' అని మీసం తిప్పేవు. తిప్పు ఇప్పుడు!"

పరదేశి చోడవరం విలేకరి. జీతమంటూ లేదు. ఉన్నదల్లా జేబులో ఒక కార్డు, టీకొట్టు దగ్గర నలుగురు పెట్టే నమస్కారం. వార్త వస్తే పొగిడేవాడు లేడు, తప్పొస్తే వదిలేవాడు లేడు.

ఇప్పుడొచ్చింది మామూలు తప్పు కాదు. 'చెరుకు రైతుల పెద్ద పెదబాబు మృతి' అని నిన్న పేపర్లో పడింది, ఫొటోతో సహా. అది చూసి బుచ్చయ్యపేట నుంచి పెదబాబు చెల్లెలు ఆటో కట్టించుకుని, గుండెలు బాదుకుంటూ వచ్చింది. గుమ్మంలో పెదబాబు వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు.

అంతా ఒక్క మాట తెచ్చిన చేటు. మొన్న పెదబాబు కొడుకు బాబీ ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి, పరదేశిని పిలిపించి, "నాన్న పోనాడు" అన్నాడు. అంతే, లైను తెగిపోయింది. ఈ వైపు విశాఖ వెళ్లినా పోనాడే, కాటికి వెళ్లినా పోనాడే. ఎక్కడికని అడగాలని పరదేశికి తోచలేదు. బస్సు కదిలిపోతోందన్న తొందరలో నాలుగు ముక్కలు గిలికి, ఫొటో జతచేసి, పేపరాఫీసుకి చేర్చమని కవరు కండక్టరు చేతిలో పెట్టేశాడు.

జీపులోంచి దిగిన పెదబాబు మనుషులిద్దరూ పరదేశిని కాళ్లు పట్టుకుని మంచం కింద నుంచి లాగారు.

దారిపొడవునా అతనికి తను చెయ్యని ఉద్యోగాలే కనబడ్డాయి. సైకిల్ షాపువాడు పంక్చరు సరిగ్గా వెయ్యకపోతే గాలి పోతుంది, మళ్లీ వేస్తాడు. టైలరు కొలత తప్పితే కుట్లు విప్పుతాడు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో గుమస్తా లెక్క తప్పితే కొట్టేసి పక్కన రాస్తాడు. ఒక్క పేపరోడి తప్పే తెల్లారేసరికి ఊరంతా చదివేస్తుంది. ఏ సోడా బండో తోసుకున్నా బాగుండేది.

పెదబాబు మధ్యాహ్నం భోజనానికి కూర్చుని ఉన్నాడు. వెనక గోడకి చర్నాకోల వేలాడుతోంది. పరదేశి చూపు దాని మీద నుంచి కదల్లేదు.

"రారా, నన్ను సంపీసినోడా. కూకో."

పరదేశి కూర్చోలేదు, కాళ్ల మీద పడ్డాడు. "తప్పయిపోనాది బాబూ. రేపే సవరణ ఏయిస్తాను."

"ఏటని? బతికేడనా?"

బాబీ భార్య వచ్చి మామగారి ముందు కంచం పెట్టింది. పొగలు కక్కుతున్న అన్నం, చేపల పులుసు. పెదబాబు ఆ కంచాన్ని పరదేశి ముందుకి తోశాడు.

"తిను."

"అది మీ కంచం మావయ్యా! ఆయనకి ఆకేస్తాను," అంది కోడలు కంగారుగా.

"నన్ను సంపినోడికి నా కంచం పెట్టొద్దేటి? నువ్వు లోపలికెల్లమ్మా."

పరదేశి ముద్ద కలిపాడు. కొయ్యబోయే ముందు మేకకి మేత పెడతారు, ఇదీ అంతేననుకున్నాడు. కంచం పక్కకి పెట్టేద్దామనుకున్నాడు. కానీ పెదబాబు రెప్ప వెయ్యకుండా చూస్తుంటే ఆపడానికి ధైర్యం చాల్లేదు.

"ముక్క కూడా తిను. పులుసు బాగా కలుపుకో... ఈ పేపరు కాకపోతే ఇంకేటి సేద్దువురా?"

"కాటా కాడ గుమస్తాగా ఎల్దును బాబూ."

"బతికినోణ్ణి పోనాడన్నోడివి. బండి సెరుకొస్తే బుట్టెడని రాద్దువు."

పరదేశి నవ్వాలో వద్దో తెలీక ఇంకో ముద్ద మింగాడు. పెదబాబు మొహంలో మాత్రం నవ్వు లేదు.

"మా బాబీ ఏటన్నాడు? ఉన్నదున్నట్టు సెప్పు."

"నాన్న పోనాడు అన్నారు బాబూ. నేనే తప్పుగా..."

"మరి ఫొటో ఎక్కడిది?"

"అది బాబీ గారే పోయిన వారం ఇచ్చేరు బాబూ. దగ్గరెట్టుకో, అవసరం పడతాది అన్నారు."

పెదబాబు వంటింటి గుమ్మం వైపు చూశాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఇక చర్నాకోల అందుకుంటాడనుకుని పరదేశి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"పేపరు మానీ," అంది పెదబాబు గొంతు. "రేపట్నుంచి మా ఇంట్లోనే నీకు పని. మూడు పూటలా తిండి నాతోపాటే. నీ పెళ్లానికీ ఏ లోటూ రానివ్వను."

పరదేశి కళ్లు తెరిచాడు. దెబ్బల్లేవు, తిట్లు లేవు, పైగా ఉద్యోగం. నూకరత్నానికి ఈ కబురెలా చెప్పాలో కూడా అప్పుడే అనేసుకున్నాడు. ఆ సంతోషంలో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సేస్తాను బాబూ. ఏటి పని?"

పెదబాబు అతని కళ్లనీ, పెదాలనీ, నుదుటి మీది చెమటనీ పట్టి పట్టి చూసి, "ఇంతసేపైనా నీకేటీ అవనేదు కదా, ఇదే పని," అంటూ పరదేశి ఎంగిలి కంచాన్ని తన ముందుకి లాక్కుని మొదటి ముద్ద కలుపుకున్నాడు.