అవ్వ గోళ్ల పరీక్ష

పదో తరగతి పిల్లలందరికీ వృద్ధసేవ ప్రాక్టికల్స్ పెట్టే రోజులవి. నిస్సీకి ఇదే ఆఖరి అవకాశం; ఈసారీ తప్పితే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. ఎదురుగా మరమనిషి అవ్వ పిడికిళ్లు బిగించి కూర్చుంది.

“మంగళవారం గోళ్లు తీస్తావుటే? బుద్ధుందా?”

టైము అయిపోవస్తోంది. నిస్సీ అవ్వ వైపు వంగింది.

“మంగళవారం నిన్ననే అయిపోయిందవ్వా. ఇవాళ బుధవారం.”

అవ్వ నమ్మి చేతులిచ్చింది. గోళ్లన్నీ తీసేసరికి గోడ మీద పచ్చదీపం వెలిగింది.

“శభాష్! ఇంత తడుముకోకుండా అబద్ధమాడావంటే ఉద్యోగం వచ్చేసినట్టే,” అని మాస్టారు తర్వాతి అమ్మాయిని పిలిచారు.

“బుధవారమైతే మా చెల్లెలొస్తుందే,” అంటూ అవ్వ తలుపుకేసి చూసింది. తలుపు తెరుచుకుంది. అవ్వ ముఖం వెలిగిపోయింది. “వచ్చావుటే చెల్లీ!”

లోపలికొచ్చిన పిల్ల బిత్తరపోయింది.

“ఊఁ అనవే,” అని గొణిగింది నిస్సీ, అవ్వ వైపు చూడలేక.