కళ్ళు మూసుకోండి

పొద్దున్న లెక్కలో ఒక పిల్ల తగ్గింది.

ఇరవై నాలుగు మంచాలు, ఇరవై మూడు తలలు. యూత్ క్యాంపు మొదలై పదో రోజు, అంటే ఆఖరి రోజు. లెక్కలక్క వెతకడానికి పరుగెత్తింది. ఆడపిల్లల డార్మెటరీలో పిల్లల్ని చూసుకునే కౌన్సెలర్ ఆమె. లేవగానే, టిఫిన్ దగ్గర, ఈత కొలను దగ్గర, పడుకునేముందు తలలు లెక్కపెట్టడమే సగం పని. అందుకే పిల్లలు ఆ పేరు పెట్టారు. అసలు పేరు అడిగితే ఒక్కళ్ళూ చెప్పలేరు.

తగ్గిన పిల్ల బట్టలారేసే తీగల వెనక దొరికింది. పదిహేనేళ్ళుంటాయి. తడి తువ్వాళ్ళ మధ్య మోకాళ్ళలో తల దూర్చుకుని ఏడుస్తోంది.

"ప్రార్థనలో అందరికీ ఏదో అవుతుంది. నాకేం అవదక్కా. ఇంట్లో చెబితే అమ్మ తట్టుకోలేదు. నేను చెడ్డదాన్నా?"

ఇలాంటి ప్రశ్నలకి కౌన్సెలర్లు చెప్పే జవాబు ఒకటుంది. ఇంకాస్త పట్టుదలగా ప్రార్థించు, ప్రభువే నీతో మాట్లాడతాడు. లెక్కలక్క ఆ జవాబే అప్పజెప్పింది. చెప్పాక తన మీద తనకే అసహ్యం వేసింది. ఎందుకంటే ఆమెకీ ఏమీ అవకుండా నాలుగేళ్ళయింది.

ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? ముప్పై ఏళ్ళుగా ఈ క్యాంపు నడుపుతున్న పాస్టరుగారు ఆమె కన్నతండ్రి. ఫోన్లు ఆఫీసు బీరువాలో, గేటు తాళం వాచ్‌మన్ జేబులో. పదిరోజుల జైలని పిల్లలు జోకులేసుకుంటారు. ఆమెది యావజ్జీవం. మధ్యాహ్నం మీటింగు అవగానే కమిటీ పెద్దలు క్యాంపు బాధ్యతంతా ఆమెకి అప్పగిస్తారు. కాగితం టైపయింది, సంతకమే తరువాయి.

సూట్‌కేసు అడుగున ఇంకో కాగితం ఉంది. వేరే ఊరి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం. సోమవారం చేరకపోతే వేరేవాళ్ళకిస్తారు.

టిఫిన్ అయ్యాక ధైర్యం కూడగట్టుకుని ఆఫీసు గదికి వెళ్ళింది. నాన్న పాటల పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతున్నాడు. ఈమధ్య బాగా తగ్గిపోయాడు. గొంతు బాగాలేదని ప్రసంగాలన్నీ బయటి పాస్టర్లకి అప్పగించాడు. భోజనం ముందు నాలుగు మాటల ప్రార్థన కూడా నువ్వు కానివ్వమ్మా అంటాడు. గుండెకి స్టెంటు వేసినప్పటినుంచి ఇంతేనని అందరూ జాలిపడుతున్నారు.

"నాన్నా, ఈ బాధ్యత నాకొద్దు. ఎందుకో చెబుతాను, కాస్త విను."

నాన్న వినలేదు. చేతిలో పుస్తకం కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎందుకో చెప్పకు తల్లీ. ఇంక నావల్ల కాదు. నువ్వు తీసుకుంటేనే నాకు విడుదల."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఆ గుండెకేమవుతుందో. చెప్పకపోతే బతుకంతా ఈ నాలుగు గోడల మధ్య, తనకి లేని నమ్మకాన్ని ఏటా వచ్చే పిల్లలందరికీ పంచిపెడుతూ ఉండాలి.

మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. ఆఖరి మీటింగుకి ఒక పద్ధతి ఉంది. ప్రసంగం అయ్యాక అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోవాలి. పిల్లలు, పెద్దలు, ప్రసంగించే పాస్టరు, ఎవరికీ మినహాయింపు లేదు. ప్రభువుని నమ్ముకుంటామని తీర్మానం చేసుకున్నవాళ్ళు చెయ్యి ఎత్తాలి. వెనక గోడ దగ్గర లెక్కలక్క ఒక్కతే కళ్ళు తెరిచి, ఎత్తిన చేతులు లెక్కపెట్టి, చీటీ మీద అంకె వేసి నాన్నకిస్తుంది. ఆ సంగతి వాళ్ళిద్దరికి తప్ప మూడోవాళ్ళకి తెలియదు. తొమ్మిది వేసవులుగా ఆ హాల్లో కళ్ళు తెరిచి ఉండేది దేవుడూ, ఆమే.

అతిథిగా వచ్చిన కుర్ర పాస్టరు మైకు దగ్గరికి జరిగాడు.

"ఈసారి వేరే ప్రశ్న అడుగుతాను. మనసులో నమ్మకం లేకపోయినా, ఇంట్లోవాళ్ళు బాధపడతారని నమ్మినట్టు నటిస్తున్నవాళ్ళు చెయ్యి ఎత్తండి. ఎవరూ చూడరు."

లెక్కలక్క ఉలిక్కిపడింది. నాన్నకి తెలిసిపోయిందా? తనని పట్టుకోడానికి ఈ ప్రశ్న ఆయనే అడిగించాడా?

చాలాసేపు ఒక్క చెయ్యీ లేవలేదు. తర్వాత కిటికీ పక్క వరసలో ఒకటి లేచింది. పొద్దున్న తువ్వాళ్ళ మధ్య ఏడ్చిన పిల్లది. మోచెయ్యి వంచకుండా నిటారుగా ఎత్తింది. అది చూసి మగపిల్లల వైపు రెండు లేచాయి. తర్వాత ఒక్కొక్కటిగా ఇటూ అటూ.

పదకొండు.

ఆమెకి ఏడుపొచ్చింది. పదిహేనేళ్ళ పిల్లకున్న పాటి ధైర్యం ఇరవై తొమ్మిదేళ్ళ తనకి లేకపోయింది. ఇక చాలనుకుంది. చీటీ మీద పన్నెండు వేసి, కింద తన పేరు రాసి, నాన్న చేతికే ఇస్తుంది. ఆపైన దేవుడి దయ. ఆ మాట అనుకున్నందుకు ఆమెకే నవ్వొచ్చింది.

పెన్ను మూత తీసింది. రాయబోతూ, అలవాటు కొద్దీ, చేతులు మరోసారి లెక్కపెట్టింది.

ఈసారి తనని కలుపుకోకుండానే పన్నెండు వచ్చాయి.

పన్నెండో చెయ్యి మొదటి వరసలో, కమిటీ పెద్దల మధ్య తల వంచుకుని కూర్చున్న నాన్నది.